నిన్నటి దాకా పక్క సీటు, ఇవాళ్టి నుంచి బాస్: కింది నుంచి ఎదిగినవాళ్లు చెయ్యాల్సిన పనులు

బయటి నుంచి వచ్చిన మేనేజరుకు మొదటి ఆరు నెలలు పని అర్థం చేసుకోవడానికే సరిపోతాయి. అదే ఆఫీసులో, అదే ప్లాంటులో పనిచేస్తూ పైకొచ్చినవాళ్లకు ఆ బాధ లేదు. ఏ మెషిన్ ఎప్పుడు మొరాయిస్తుందో, ఏ కస్టమర్ నెలాఖరున గొడవకి వస్తాడో, ఎవరి మాట మీద నిలబడొచ్చో అంతా తెలుసు. చిక్కు కూడా అక్కడే ఉంది. పని తెలుసు కాబట్టి చెయ్యి ఊరుకోదు, పాత పనే చేస్తూ కూర్చుంటారు. మనుషులు తెలుసు కాబట్టి మొహమాటం అడ్డొస్తుంది, చెప్పాల్సిన మాట గొంతులోనే ఆగిపోతుంది. లోపలి నుంచి ఎదిగినవాళ్లు ఎక్కువగా తడబడేది ఈ రెండు చోట్లే.

జనరల్ మోటార్స్ సీఈఓ మేరీ బారా 1980లో, 18 ఏళ్ల వయసులో, అదే కంపెనీ ప్లాంటులో కారు బాడీ రేకులు తనిఖీ చేసే పనితో మొదలుపెట్టారు. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్న సత్య నాదెళ్ల 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరి, 2014 ఫిబ్రవరిలో సీఈఓ అయ్యారు. పాలమూరు ప్రాంతం నుంచి వెళ్లిన చల్లా శ్రీనివాసులు సెట్టి 1988లో స్టేట్ బ్యాంకులో ప్రొబేషనరీ ఆఫీసరుగా చేరి, 2024 ఆగస్టులో ఛైర్మన్ కుర్చీలో కూర్చున్నారు. ఇలాంటివాళ్ల ప్రయాణాల నుంచి ఒక షిఫ్ట్ ఇన్‌చార్జ్, ఒక టీమ్ లీడ్, ఒక బ్రాంచ్ మేనేజర్ రేపు పొద్దున్నే వాడుకోగలిగినవి చాలానే ఉన్నాయి. వాటితో పాటు, పెద్ద పదవుల్లో కనిపించకపోయినా మొదటి ప్రమోషన్‌లో తప్పకుండా ఎదురయ్యే చిక్కులు కూడా కింద చెబుతున్నాం.

చార్జ్ తీసుకునే ముందు

ఆర్డర్ చేతికి రాగానే స్వీట్లు పంచడం కంటే ముందు, మీ పై అధికారితో ఒక గంట కూర్చోండి. బయటికి వచ్చేటప్పుడు మీ చేతిలో ఒక పేజీ ఉండాలి. అందులో నాలుగు విషయాలు చాలు. ఆరు నెలల్లో మీ నుంచి ఆయన చూడాలనుకునే ఫలితం ఏమిటి? సెలవులు, షిఫ్టులు, అప్రైజల్ రేటింగులు, ఎంత వరకు ఖర్చు, వీటిలో మీ సంతకంతో ఏవి నడుస్తాయి, ఏవి ఆయన్ను అడగాలి? మీ పాత పని ఎవరికి ఇస్తున్నారు, ఏ తేదీకి మీరు దాని నుంచి పూర్తిగా బయటపడతారు? ఈ ప్రమోషన్ సంగతి టీముకు ఎవరు, ఎప్పుడు చెబుతారు?

చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. ఆ మాట మీ నోటి నుంచి రాకూడదు, పై అధికారే అందరి ముందు చెప్పాలి. మీరే చెప్పుకుంటే మొదటి రోజే దండోరా వేసుకున్నట్టవుతుంది. పుకారుగా ముందే పాకితే పోటీలో ఉన్న మనిషికి అవమానం అవుతుంది.

పాత పని తేదీ రాయించుకోకపోవడం అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు. "కొత్త మనిషి దొరికే దాకా రెండూ చూసుకో" అంటారు. ఆ కొత్త మనిషి ఏడాదికి గానీ దొరకడు.

ఇంకొకటి, మన దగ్గర ఎవరూ రాసి పెట్టనిది: డబ్బు లెక్కలు. ఆఫీసులో చీటీ నడుపుతున్నది మీరే అయితే, ఈ నెల పాట అయ్యాక దాన్ని ఇంకొకరికి అప్పజెప్పండి. టీములో ఎవరికైనా అప్పిచ్చి ఉంటే, తీసుకుని ఉంటే, చార్జ్ తీసుకునేలోపు తీర్చుకోండి. కొత్తగా ఎవరి లోనుకూ షూరిటీ సంతకం పెట్టకండి. బాకీ ఉన్న మనిషికి తక్కువ రేటింగ్ ఇస్తే కక్ష అంటారు, ఎక్కువిస్తే లాలూచీ అంటారు. ఏది ఇచ్చినా నమ్మేవాడుండడు.

మొదటి రోజు ముగ్గురు మనుషులు

అదే పోస్టుకు పోటీపడి, రాక మిగిలిపోయిన మనిషితో మొదటి రోజే మాట్లాడాలి. వారం ఆగితే ఆ వారంలో ఆయన మనసులో మీ తరఫు మాటలన్నీ ఆయనే రాసేసుకుంటారు. తలుపు వేసి, పదిహేను నిమిషాలు. ఇలా చెప్పొచ్చు: "ఈ పోస్టుకు మీరూ అర్హులే. మీకు కష్టంగా ఉంటుందని నాకు తెలుసు. మీరు చూస్తున్న పని మీ చేతిలోనే ఉంటుంది, అందులో నేను వేలు పెట్టను. నాతో నచ్చని విషయం ఉంటే నాకే చెప్పండి. నెల తర్వాత మళ్లీ కూర్చుందాం." ఆ తర్వాత ఆగి వినండి. అనకూడని మాటలు రెండున్నాయి. "నేనేమీ అడగలేదండీ, వాళ్లే ఇచ్చారు" అంటే అడిగి భంగపడ్డ మనిషికి అది పుండు మీద కారం. "మన మధ్య ఏమీ మారదు" అంటే అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. నెల తర్వాత కూర్చుంటానన్న మాట మాత్రం తప్పకండి. అప్పటికీ ఆ మనిషి మీటింగుల్లో మౌనంగా, బయట జోరుగా ఉంటే, ఇంకో విభాగానికి బదిలీ అడిగే అవకాశం ఉందేమో ఆయనతోనే మాట్లాడండి. ఆయన వెనక మాట్లాడకండి.

రెండో మనిషి స్నేహితుడు. "ఒరేయ్" అని పిలుచుకున్నవాణ్ని ఉన్నట్టుండి "మీరు" అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది, అక్కర్లేదు కూడా. పదిమంది ముందు పేరుతో పిలవండి, మిగతాది బయట. కలిసి భోజనం మానకండి కానీ రోజూ అదే నలుగురితో కూర్చోవడం మానండి. పాత వాట్సాప్ గ్రూపు నుంచి, ముఖ్యంగా పాత మేనేజరు మీద గోడు వెళ్లబోసుకున్న గ్రూపు నుంచి, చెప్పి బయటికి రండి. ఇప్పుడు వాళ్లకు మీ గురించి మాట్లాడుకునే చోటు కావాలి.

స్నేహితుడి నుంచి మొదటి కోరిక కొద్ది వారాల్లోనే వస్తుంది. పండగ ముందు సెలవో, నైట్ షిఫ్ట్ మార్పో. టీమంతా దాన్నే చూస్తూ ఉంటుంది. అందుకే అది రాకముందే సెలవుల పట్టిక అందరికీ కనిపించేలా గోడ మీద అంటించండి: సంక్రాంతికి, దసరాకి ఒకే రోజు ఎంతమందికి ఇవ్వగలరు, ఎవరు ముందు అడిగారు, కిందటేడు ఎవరికి దక్కలేదు. అప్పుడు "కాదు" అన్నది మీరు కాదు, పట్టిక.

మూడో మనిషి మీకు పని నేర్పిన సీనియర్. ఆయన ఇప్పుడు మీకు రిపోర్ట్ చెయ్యాలి. మీరు "సార్" అని పిలిచేవారైతే అలాగే పిలవండి, అందులో మీకు తగ్గేదేమీ లేదు. ఏదైనా మార్చబోయే ముందు రోజు ఆయన సలహా విడిగా అడగండి. మీటింగులో నిర్ణయం, తేదీ మాత్రం మీ నోటితోనే చెప్పండి. పదిమంది ముందు ఆయన వైపు చూసి "మీరేమంటారు సార్" అని అడిగితే, ఆ రోజు నుంచి అసలు మేనేజరు ఆయనే అవుతారు.

మిగతా అందరితో మొదటి పది పనిదినాల్లో మనిషికి అరగంట చొప్పున కూర్చోండి. అందరినీ ఒకటే అడగండి: మీ పనిలో రోజూ విసుగు తెప్పించేది ఏది, ఏది ఆపేసినా నష్టం లేదు, ఏది మాత్రం మార్చకూడదు, నా నుంచి ఏం కావాలి. పుస్తకంలో రాసుకోండి. ముగ్గురు నలుగురు ఒకే మాట చెప్పిన చిన్న విషయాన్ని ఆ నెల్లోనే సరిచెయ్యండి. ప్రింటరైనా సరే, క్యాబ్ టైమైనా సరే.

పాత పని వదలడం

అన్నిటికన్నా కష్టమైనది ఇదే. పనిలో మొనగాడు కాబట్టే ప్రమోషన్ వచ్చింది. ఆ పనే చేతిలోంచి జారిపోతుంటే కాళ్ల కింద నేల కదిలినట్టుంటుంది. అందుకే కొత్త పనిలో ఏ చిన్న ఇబ్బంది వచ్చినా మనసు పాత పనిలోకి పారిపోతుంది.

ఒక వారం పాటు మీరు చేసే ప్రతి పనీ, పట్టిన సమయంతో సహా, నోట్‌బుక్‌లో రాయండి. హ్యాండోవర్ కాగితంలో ఎప్పుడూ రాని "పేరు లేని పనులు" అప్పుడు బయటపడతాయి. గోడౌన్ చూసే మనిషినే తీసుకోండి. కాగితం మీద ఆయన పని స్టాకు రిజిస్టరు, రసీదులు, డిస్పాచ్. నిజంగా చేసేది ఇంకా చాలా ఉంటుంది. లారీ రాకపోతే ఏ ట్రాన్స్‌పోర్ట్ వాడికి ఫోన్ చెయ్యాలి, బిల్లులో జీఎస్టీ నంబరు తప్పొస్తే అకౌంట్స్‌లో ఎవరిని పట్టుకోవాలి, కాటా తేడా చూపిస్తే సరుకు ఆపాలా తీసుకోవాలా, ఏ హమాలీ మేస్త్రీకి ముందు రోజు సాయంత్రమే చెప్పాలి. ఇవి రాసి ఇవ్వకపోతే, మీరు ఏ కుర్చీలో ఉన్నా ఆ ఫోన్లు మీకే వస్తాయి.

రాసిన జాబితాలో ప్రతిదాని పక్కనా ఒక్క మాట రాయండి: ఇవ్వాలి, ఆపాలి, ఉంచుకోవాలి. ఉంచుకునేవి మూడుకు మించకూడదు. ఇచ్చేవాటికి మూడు వారాల పద్ధతి బాగా పనిచేస్తుంది. మొదటి వారం మీరు చేస్తుంటే వారసుడు చూస్తాడు, రాసుకుంటాడు. రెండో వారం తను చేస్తాడు, మీరు పక్కన ఉంటారు, నోరు మెదపరు. మూడో వారం మీరు అక్కడ ఉండరు, రోజు చివర పది నిమిషాలు మాత్రం అడుగుతారు. పాత అలవాటు కొద్దీ మీకే ఫోన్ వస్తే సమస్య పరిష్కరించకండి. "ఇప్పుడది ఫలానావాళ్లు చూస్తున్నారు, నంబరు పంపిస్తాను" అనండి. నెల రోజులు ఓపికపడితే ఫోన్లు దారి మార్చుకుంటాయి.

మీరు గంటలో చేసే పని వారసుడికి మూడు గంటలు పడుతుంది. తప్పులూ వస్తాయి. రాత్రి ఇంటికెళ్లి దాన్ని మళ్లీ మీరే సరిచేశారంటే రెండు నష్టాలు: తప్పు ఎక్కడుందో తనకు తెలియదు, "ఎలాగూ ఆయన చూసుకుంటాడు" అని రేపటి నుంచి శ్రద్ధ తగ్గుతుంది. తప్పుల్ని ముందే రెండు రకాలుగా విడగొట్టుకోండి. మనిషి ప్రాణం, డబ్బు లెక్క, చట్టం, వీటికి సంబంధించినవైతే మీరు ముందే తనిఖీ చెయ్యాలి. మిగతావి జరగనివ్వండి, జరిగాక కూర్చుని మాట్లాడండి. మీ పద్ధతికి వేరుగా ఉన్నదల్లా తప్పు కాదన్న సంగతి ఈ నెల్లోనే ఒంటబట్టాలి.

ఐదారుగురి టీములో లీడ్ కూడా చెయ్యి కలపక తప్పదు, వారంలో రెండు రోజులు పాత పనికి పోయినా ఫర్వాలేదు. పది మంది దాటితే మాత్రం అది కుదరదు.

తలాడించే మీటింగులు

మేరీ బారా సీఈఓ అయ్యింది 2014 జనవరిలో. మరుసటి నెలలోనే ఇగ్నిషన్ స్విచ్ లోపం మీద రీకాల్ మొదలైంది. తాళంచెవి కదలికను ఆపాల్సిన బిగువు స్విచ్‌లో చాలకపోవడంతో, కుదుపుకో, తాళాల గుత్తి బరువుకో కారు నడుస్తుండగానే తాళం పక్క స్థానంలోకి జారేది. ఇంజిన్ ఆగిపోయేది, గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేవి కావు. ఈ స్విచ్ కోసం వెనక్కి పిలిచిన వాహనాలు సుమారు 26 లక్షలు. కంపెనీ పరిహార నిధి 124 మరణాలకు పరిహారం చెల్లించింది.

కంపెనీ చేయించిన విచారణ నివేదికలో తేలిన ఒక చిన్న సంగతి దగ్గర ఆగాలి. 2006లో ఆ స్విచ్ డిజైన్ మార్చారు, కానీ పార్ట్ నంబర్ మార్చలేదు. పాత స్విచ్చుకీ కొత్త స్విచ్చుకీ ఒకటే నంబరు. తర్వాత ప్రమాదాలు పరిశీలించిన ఇంజినీర్లకు కొన్ని సంవత్సరాల్లో తయారైన కార్లలోనే లోపం ఎందుకుందో ఏళ్ల తరబడి అంతుచిక్కలేదు. అదే నివేదిక కంపెనీలోని ఒక అలవాటునూ పట్టి చూపింది: మీటింగులో అందరూ ఒప్పుకుంటూ తలాడిస్తారు, గది దాటాక ఎవరూ ఏమీ చెయ్యరు. దానికి లోపలివాళ్లు పెట్టుకున్న పేరే "జీఎం నాడ్", అంటే జనరల్ మోటార్స్ తలూపు. మనం గంగిరెద్దులా తలూపడం అంటామే, అదే.

ముప్ఫై మూడేళ్లు అక్కడే పనిచేసిన బారాకు ఆ అలవాటు కొత్త కాదు. విచారణ నివేదిక వచ్చాక పదిహేను మందిని తొలగించారు. భద్రత లోపం ఎవరి కంటపడినా నేరుగా చెప్పే ఏర్పాటు పెట్టారు. లోపలి మనిషికి ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది. ఎవరి తలూపు నిజమో, ఎవరిది మొహమాటమో బయటివాళ్లకు పట్టదు, మీకు పడుతుంది.

మీ స్థాయిలో చెయ్యాల్సింది ఇది. మీటింగు ఆఖరి ఐదు నిమిషాలు వేరుగా ఉంచండి. ఒక్కో నిర్ణయానికి ఒకే మనిషి పేరు, ఒకే తేదీ. "టీమ్ చూస్తుంది" అని రాస్తే ఎవరూ చూడరు. ఆ మనిషి చేతే "నేను ఫలానా తేదీకి ఇది చేస్తాను" అని పైకి అనిపించండి. ఆ సాయంత్రమే అందరికీ రాసి పంపండి. తర్వాతి మీటింగు ఆ కాగితంతోనే మొదలుపెట్టండి. చెడు కబురు తెచ్చిన మనిషి మీద మొదటి మూడు నెలల్లో ఒక్కసారి విసుక్కున్నా, ఇక మీదట మంచి కబుర్లే వస్తాయి. "ఇది ముందే చెప్పారు, మంచిపని చేశారు" అన్న తర్వాతే మిగతా ప్రశ్నలు అడగండి. ఇక దేన్ని మార్చినా, చిన్న ఫార్ములా మార్పైనా, ఎక్సెల్ షీటులో ఒక గడి మార్చినా, పేరు, నంబరు, తేదీ మార్చి రాసే అలవాటు చెయ్యండి.

పది పేజీల రూలు, రెండు మాటలు

బారా 2009లో హెచ్‌ఆర్ అధిపతిగా వెళ్లినప్పుడు ఉద్యోగుల దుస్తుల మీద పది పేజీల నిబంధనలు ఉండేవి. వాటిని తీసేసి "సందర్భానికి తగ్గట్టు వేసుకోండి" అన్న అర్థం వచ్చే రెండు మాటలు పెట్టారు. ఒక సీనియర్ డైరెక్టర్, ఇది చాలదు, వివరంగా రాయండి అని కోరాడు. ఆమె ఫోన్ చేసి అసలు ఇబ్బంది ఏమిటని అడిగారు. తన టీములో కొందరు ఉన్నపళంగా ప్రభుత్వ అధికారులను కలవాల్సి వస్తుందన్నాడు. టీముతోనే మాట్లాడమన్నారు. ఆ కొద్దిమంది ఒక మంచి ప్యాంటు లాకరులో పెట్టుకుంటే సరిపోతుందని తేలింది.

ఇందులో చూడాల్సింది దుస్తుల సంగతి కాదు. పెద్ద బడ్జెట్లు, ఎంతోమంది మనుషులు చేతిలో ఉన్న మేనేజరు కూడా చిన్న నిర్ణయానికి పై నుంచి రూలు కోసం చూస్తున్నాడని ఆ రెండు మాటల వల్ల తెలిసింది. మీ విభాగంలో ఒక రూలు ఎంచుకోండి. ఎందుకు పెట్టారో ఎవరూ చెప్పలేనిదై ఉండాలి, భద్రతకు, డబ్బుకు సంబంధించినది కాకూడదు. మూడు నెలలు దాన్ని పక్కనపెట్టి, ఎవరు సొంతంగా తేల్చుకుంటున్నారో, ఎవరు ప్రతిసారీ మీ టేబుల్ దగ్గరికి వస్తున్నారో గమనించండి. మీ తర్వాత ఆ కుర్చీలో ఎవరు కూర్చోగలరో అందులోనే కనిపిస్తుంది.

"మన దగ్గర ఇంతే" అనిపించినప్పుడు

లోపలి మనిషికి కళ్లముందున్నదే కనపడకుండా పోతుంది. 1985లో ఇంటెల్‌కు మెమరీ చిప్‌ల వ్యాపారం గుదిబండలా తయారైంది, జపాన్ కంపెనీల ముందు నిలవలేకపోతోంది. కంపెనీ పెట్టిందే ఆ చిప్‌లతో కాబట్టి వదలడానికి ఎవరికీ మనసొప్పలేదు. మొదటి రోజుల నుంచీ అక్కడే ఎదిగిన ఆండీ గ్రోవ్, ఛైర్మన్ గోర్డన్ మూర్‌ను ఒక ప్రశ్న అడిగారు: మనల్ని పంపించేసి కొత్త సీఈఓను తెస్తే ఆయన ఏం చేస్తాడు? మెమరీ చిప్‌లు వదిలేస్తాడు అన్నారు మూర్. అయితే మనమే బయటికెళ్లి, మళ్లీ లోపలికొచ్చి ఆ పని చేద్దామన్నారు గ్రోవ్. ఇంటెల్ మైక్రోప్రాసెసర్ల కంపెనీ అయ్యింది అలాగే.

మూడు నెలలకోసారి ఒక కాగితం మీద ఇదే ప్రశ్న రాసుకోండి. రేపు బయటి మనిషి నా కుర్చీలో కూర్చుంటే మొదటి నెల్లో ఆపేసే పని ఏది? జవాబు వెంటనే తడుతుంది, చెయ్యడానికే మొహమాటం. ఎందుకంటే ఆ పని మొదలుపెట్టింది మీకు తెలిసినవాళ్లే, ఒక్కోసారి మీరే. నాదెళ్ల అయినా అంతే. తనకు ముందున్న సీఈఓ హయాంలో కుదిరిన నోకియా ఫోన్ల వ్యాపారం కొనుగోలు 2014 ఏప్రిల్‌లో పూర్తయింది. 2015 జులైలో ఆ పద్దు కింద 760 కోట్ల డాలర్లు నష్టంగా రాసేశారు. ఆ దారిలో వేల ఉద్యోగాలు పోయాయి, అది చిన్న విషయం కాదు. పాత నిర్ణయం రద్దు చేసేటప్పుడు మీరూ ఒకటి పాటించండి: నిర్ణయం గురించి మాట్లాడండి, తీసుకున్న మనిషి గురించి కాదు. "అప్పటికి అది సబబే, ఇప్పుడు లెక్క మారింది" అని, మారిన లెక్కను అంకెలతో చూపించండి.

కంటి పొర తొలగడానికి ఇంకో పద్ధతి టయోటాది. అక్కడి ఇంజినీరు తయీచి ఓనో నేల మీద సుద్దముక్కతో గుండ్రం గీసి, అందులో నిలబడి చూడమనేవారు. నెలకోసారి మీరు పనిచేసిన పాత చోటే అరగంట కదలకుండా నిలబడండి. ఫోన్ జేబులోనే ఉండాలి, ఎవరికీ ఏమీ చెప్పకూడదు. మనుషులు దేనికోసం ఆగుతున్నారో, దేన్ని వెతుకుతున్నారో, ఏది రెండుసార్లు చేస్తున్నారో మాత్రం రాసుకోండి. మొదటి పది నిమిషాలు ఏమీ కనిపించదు. ఆ తర్వాత కనిపించేవి, మీరూ ఏళ్ల తరబడి అలాగే చేసినవి.

పక్కకు వెళ్లడం

ఇంకా పైకి వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్కమాట. బారా ప్లాంటు నడిపారు, హెచ్‌ఆర్ చూశారు, ఆ తర్వాత కొత్త వాహనాల అభివృద్ధి చూశారు. నాదెళ్ల సెర్చ్ ఇంజిన్ వైపు పనిచేసి సర్వర్ల వైపు వచ్చారు. జీతం పెరగని బదిలీ వచ్చినప్పుడు అందులో మీకు కొత్తగా అబ్బే విద్య ఏదో ఒక్క వాక్యంలో రాయగలిగితే వెళ్లండి. రాయలేకపోతే అది వట్టి స్థానచలనం.

పది రోజుల సెలవు

బ్యాంకుల్లో ఒక నియమం ఉంది. కీలకమైన సీట్లలో ఉన్నవాళ్లను ఏటా కనీసం పది పనిదినాలు ఒకేసారి, ముందుగా చెప్పకుండా సెలవు మీద పంపాలని రిజర్వ్ బ్యాంక్ ఆదేశం. మోసం ఉంటే బయటపడటానికి పెట్టినది. కానీ ఒక మేనేజరు పని ఎంతవరకు అప్పగించాడో తేల్చడానికి ఇంతకన్నా మంచి పరీక్ష లేదు.

చార్జ్ తీసుకున్న ఆరో నెలలో అలాంటి సెలవు మీరే పెట్టుకోండి. నెలాఖరు, ఆడిట్, పండగ సీజన్ తగలకుండా చూసుకోండి. మీ బదులు ఎవరు సంతకం పెడతారో రాసి ఇవ్వండి. నిజంగా అత్యవసరమైతే మీకు ఫోన్ చెయ్యాల్సింది ఒక్కరేనని చెప్పండి. వచ్చిన ప్రతి ఫోన్‌నూ, ఎవరు, దేనికి, అని రాసుకోండి. తిరిగొచ్చాక ఆ జాబితా ముందు పెట్టుకుని ఒక్కోదాని పక్కనా కారణం రాయండి: పని నేర్పలేదా, నేర్పినా అధికారం ఇవ్వలేదా, అధికారం ఇచ్చినా ఆ మనిషికి భయమా. నేర్పనివాటికి మళ్లీ మూడు వారాల పద్ధతి. అధికారం ఇవ్వనివాటికి ఆ రోజే ఒక ఈమెయిల్. భయమున్న చోట ఆ మనిషితో కూర్చుని, పోయినసారి తను తప్పు చేసినప్పుడు మీరేమన్నారో తన నోటితో వినండి.